ఏడో గట్టు జంట చూపు

నమోదు 1. గడువుకు ఇరవై ఏడు రోజులు.

ఈ పుస్తకం లెక్క కేంద్రం వాళ్ళు ఇచ్చింది కాదు, నా సొంతం. వాళ్ళు ఇచ్చిన పలకలో మూడే గళ్ళు ఉన్నాయి: చెవి నంబరు, తుడిచిన తేదీ, వేలిముద్ర. కళ్ళతో చూసింది రాయడానికి అందులో చోటు లేదు. చోటు లేదంటే సరేనని ఊరుకునే రకాన్ని కాదు నేను.

పేరు కిల్లో దాలిమ్మ. యాభై ఎనిమిదేళ్ళు. ఏడో గట్టు కొండ మీది అడవికి చూపరిని. ఉద్యోగం పేరు చూపరి, చేసే పని తుడవడం. చెట్లకు కట్టిన నలభై చెవులను రోజుకు పది చొప్పున గుడ్డతో తుడవాలి. చెవి అంటే పనసకాయంత పెట్టె. పిట్ట కూస్తే వింటుంది, ఏ పిట్టో పోల్చుకుంటుంది, లెక్క వేసి కేంద్రానికి పంపుతుంది. గాలి హోరు, వాగు చప్పుడు, మనిషి మాట దానికి పట్టవు.

ఇవాళ పొద్దున్న పద్నాలుగో చెవి దగ్గర, వాగు ఒడ్డున నేరేడు చెట్టు కింద, మంచుకు తడిసిన ఎండుటాకు ఒకటి దానంతట అదే బోర్లా పడింది. పక్కన ఇంకొకటి. గుడ్డ అక్కడే వదిలేసి చతికిలబడ్డాను. పండిన నారింజలాంటి తల, నీలం కలిసిన బూడిద రంగు వీపు, రెక్క మీద తెల్ల మచ్చ. మా వాళ్ళు దాన్ని ఆకుతిప్పుడు పిట్ట అంటారు. ముక్కుతో ఆకును తిప్పుతుంది, కింద పురుగుంటే మింగుతుంది, లేకపోతే ఇంకో ఆకు. ఎక్కడి హిమాలయాలు, ఎక్కడి మా వాగు! చలికాలం గడపడానికి ఇంత దూరం వచ్చింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తలెత్తి చెవి వైపు చూశాను. దాని మీద అంకె సున్నా.

పిట్ట కూయలేదు మరి.

కేంద్రానికి మాట కలిపి చెప్పాను. "చూపు సాక్ష్యం స్వీకరించబడదు. దయచేసి చెవిని తుడవండి" అంది యంత్రం.

"తుడిసినానే తల్లీ, మొకం కనబడీలాగ తుడిసినాను!" అన్నాను. అది మళ్ళీ అదే మాట అంది.

సంగతి ఏమిటంటే, వరసగా మూడు చలికాలాలు ఒక్క వలస పిట్ట కూడా లెక్కకు రాకపోతే ఆ గట్టును మూగ అడవి అని రాసేస్తారు. రెండు చలికాలాలు సున్నాతో పోయాయి. ఇది మూడోది. పుష్య మాసం చివరి రోజు మధ్యాహ్నం దాకా గడువు. ఆ తరువాత చెట్లు కొట్టి మేడలు కడతారు. కింద మైదానంలో ఎండలకు బతకలేక జనం కొండలెక్కారు. వాళ్ళను నేనేమీ అనను, వాళ్ళకూ పిల్లలున్నారు. కానీ ఇప్పటికే ఆరు గట్లు తీసుకున్నారు. ఏడోది చచ్చిపోయిందని అబద్ధం రాసి తీసుకుంటామంటే మాత్రం నేను ఒప్పుకోను.

నమోదు 2. గడువుకు ఇరవై ఐదు రోజులు.

ముప్ఫై ఒకటి నుంచి నలభై దాకా చెవులు తుడిచాను. పుల్లలు తెచ్చాను. చోడి, అంటే రాగి అంబలి కాచుకున్నాను. ఆకుతిప్పుడు రెండుసార్లు కనిపించింది. చెవి మీద సున్నా.

ఎదురుగా నింగివాడ కనిపిస్తూ ఉంటుంది. ఒకప్పుడు అదే ఆరో గట్టు. ఇప్పుడు పద్నాలుగు అంతస్తుల మేడలు, వాటి మీద కరెంటు పుట్టించే ఎండ పలకలు. పలకల మీద పిట్టలు రెట్ట వేస్తున్నాయని మూడేళ్ళ కిందట బూరలు పెట్టారు. చుట్టుపక్కల ఎక్కడ పిట్ట కూసినా, ఏ చప్పుడు గట్టిగా వినిపించినా బూర డేగలా అరుస్తుంది. పిట్ట కూసిందా, డేగ. మళ్ళీ కూసిందా, మళ్ళీ డేగ. మొదటి ఏడు పిట్టలన్నీ చెదిరిపోయాయి. తరువాత తిరిగొచ్చాయి, నోరు మూసుకుని వచ్చాయి. ఇప్పుడు పిగిలిపిట్ట కూడా నా గుమ్మం ముందు నూకలు తిని, కిక్కురుమనకుండా వెళ్ళిపోతుంది. పిగిలిపిట్ట! అది ఊరుకోవడమంటే నేను ఊరుకోవడమే.

నోరు మూయించినవాళ్ళూ వాళ్ళే, మూగదని రాసేవాళ్ళూ వాళ్ళే. ఒళ్ళు మండదా?

ఫొటో తీసి పంపవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. ఏ బొమ్మనైనా యంత్రం పుట్టించే కాలం ఇది, బొమ్మను ఎవరూ నమ్మరు. ఒంటి మనిషి మాటనూ నమ్మరు. ఆ రెండోదానికి మాత్రం నేను తప్పు పట్టను. ఒంటిగా ఉన్న మనిషి ఏదైనా చెబుతుంది.

నమోదు 3. గడువుకు ఇరవై ఒక్క రోజులు.

దుప్పటి కోసం రేకు పెట్టె తీస్తే అడుగున పాత నిబంధనల పుస్తకం దొరికింది. చెదలు సగం తిన్నాయి. మిగిలిన సగంలో జంట చూపు ఉంది.

జంట చూపు నాకు కొత్త కాదు, చెవులు రాకముందు పన్నెండేళ్ళు చేశాను. పొద్దు పొడిచేసరికి ఇద్దరు మనుషులు ఇరవై అడుగుల దూరంలో కూర్చోవాలి. ఇద్దరి నోట్లోనూ విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఒక్కొక్కటి, పళ్ళ మధ్య. నోరు తెరిస్తే ఆకు పడుతుంది. ఆకు పడితే ఆ రోజు చూపు రద్దు. చేత్తో చూపించకూడదు, సైగ చేయకూడదు. ఎవరికి కనిపించింది వాళ్ళు తమ కాగితం మీద రాయాలి. పిట్ట పేరు కాదు, గుర్తులు రాయాలి, ఎందుకంటే పేరు ఎవరైనా రాస్తారు. రెండు కాగితాల్లోనూ ఐదు గుర్తులు కలిస్తే పిట్ట ఉన్నట్టే లెక్క.

చెవులు వచ్చాక అది రద్దయిందనే అనుకున్నాను. మా బ్లాకు లెక్కాధికారి తేజోవతికి ఫోను చేశాను. ఆమెది కేంద్రంలో కూర్చుని అంకెలు సరిచూసే ఉద్యోగం. చాలాసేపు వెతికింది.

"ఉంది దాలిమ్మగారూ. తీసెయ్యలేదు."

"ఏటి, ఎందుకు తియ్యనేదు?"

"ఉందని ఎవరికీ గుర్తు లేదనుకుంటాను" అంది నిజాయితీగా. "ఐదు కలిస్తే నేను నమోదు చేసి తీరాలి. కాగితాలు పలక మీద బోర్లా పెట్టండి, అది చదివి ఎన్ని కలిశాయో అంకె చెబుతుంది. ఎవరేం రాశారో మీకూ చెప్పదు, నాకూ చెప్పదు. కానీ రెండో చూపరి పోస్టు తొమ్మిదేళ్ళ కిందటే తీసేశాం కదండీ."

"రెండో మనిషి ఉజ్జోగస్తుడే అవ్వాలని ఉందేటి అందులో?"

కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "లేదు. కళ్ళున్న మనిషి అని ఉంది."

"అయితే నా మనిషిని నాను తెచ్చుకుంతాను."

పెద్ద మాట అన్నాను. చలిలో తెల్లవారుజాము నుంచి నోరు మెదపకుండా కూర్చోగల మనిషి నాకు తెలిసి ఒక్కడే. ఆయన నాతో మాట్లాడి ఇరవై రెండేళ్ళయింది.

నమోదు 4. గడువుకు ఇరవై రోజులు.

ఇది రాయాలి. రాయకుండా తప్పించుకుంటే ఈ పుస్తకం ఎందుకు?

సీదరి గాసి నాకు వరసకు మావ. ఆకు పళ్ళ మధ్య ఎలా పట్టాలో, తొందరపడకుండా ఎలా చూడాలో నేర్పింది ఆయనే. ఇరవై రెండేళ్ళ కిందట, ఆరో గట్టుకు ఇలాంటి గడువే వచ్చింది. మూడో చలికాలం, ఆఖరి రోజు, ఆఖరి కూర్చోవడం. గాసి మావ మద్ది చెట్టు కింద, నేను పుట్ట పక్కన. పొద్దు బాగా పైకి వచ్చాక పొదలోంచి ఆకుతిప్పుడు బయటికొచ్చింది. నెలంతా ఎదురుచూసిన పిట్ట. నాకు గుండె ఆగలేదు. "అదిగో!" అని అరిచాను.

ఆకు ఒళ్ళో పడింది. పిట్ట ఎగిరిపోయింది.

చూపు రద్దు. కాగితాలు విప్పనే లేదు. గాసి మావ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మొలలో దోపుకుని లేచి వెళ్ళిపోయాడు. నా వైపు చూడలేదు. ఆయన ఊరు ఆ గట్టు మీదే. పెళ్ళాం పేరున పాతిన రాయి కూడా అక్కడే. వేసవికల్లా అంతా చదును చేసేశారు. ఊరివాళ్ళకు మేడల్లో గదులిచ్చారు.

అప్పటినుంచి నా నోరంటే నాకే పడదు. అది ఊరుకుంటేగా!

నమోదు 5. గడువుకు పదిహేడు రోజులు.

గట్ల మధ్య తీగ మీద వేలాడుతూ నడిచే తీగబండి ఎక్కి నింగివాడ వెళ్ళాను. గాసి మావ ఉండేది పదకొండో అంతస్తు. తలుపు తీసే ఉంది. వరండాలో ప్లాస్టిక్ తొట్టెలో పది చోడి మొక్కలు పెంచుతున్నాడు. కుర్చీ మాత్రం మా గట్టు వైపు తిప్పి ఉంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, సగానికి సగం అయిపోయాడు.

"మావా, నాను దాలిని."

పలకలేదు. పలకకపోతే పోనీ, నేను చెప్పుకుంటూ పోయాను. చెవులు, బూరలు, సున్నాలు, జంట చూపు ఇంకా రద్దు కాలేదన్నది, నేరేడు చెట్టు కింద పిట్ట, అన్నీ. గొంతు ఎండిపోయింది. ఆయనే లేచి చెంబుతో నీళ్ళిచ్చాడు.

"నాకు కళ్ళానవు" అన్నాడు ఆఖరికి. ఇరవై రెండేళ్ళ తరువాత మొదటి మాట. "ఓ కంటికి పొర తీసినారు. రెండోది అలగే ఉన్నాది."

"ఒక్క కన్ను సాలు మావా."

"నీ నోరో? అది నీ సేతిలో ఉంటాదా? ఎల్లిపోవే."

నాకు ఏడుపు రావాలి, కోపం వచ్చింది. గుమ్మంలో నిలబడి అన్నాను: "ఎల్తాను. నువ్వు ఈడే కూకో. రేపు ఆ గట్టు మీద గొడ్డలి సప్పుడు ఇనబడితే సెవులు మూసుకో. అప్పుడు మాత్రం దాలి నోటివల్ల పోయిందని అనకు. ఈసారి నాను పిలిసినాను, నువ్వే రానేదు."

దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. ముసలాయనను అలా అనవచ్చా? కానీ అన్న మాట అబద్ధం కాదు.

నమోదు 6. గడువుకు పద్నాలుగు రోజులు.

పొద్దున్న ముప్ఫై రెండో చెవి తుడుస్తుంటే వెనక కర్ర చప్పుడు. తిరిగి చూస్తే గాసి మావ. భుజాన గొంగళి, చేతిలో అడ్డాకుల కట్ట. ఆయాసపడుతున్నాడు. పలకరింపూ లేదు, ఏమీ లేదు. కట్టలోంచి ఒక ఆకు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నా అరచేతిలో పెట్టాడు.

"పల్లు బిగించి పట్టు" అన్నాడు.

రెండు చెంబుల అంబలి తాగాడు. పొయ్యి పక్క చోటు ఆయనకిచ్చాను. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు.

నమోదు 7. గడువుకు తొమ్మిది రోజులు.

ఐదు రోజులు కూర్చున్నాం. మూడు రోజులు పొగమంచు, నా కాళ్ళే నాకు కనిపించలేదు. నాలుగో రోజు ఒక జిట్టంగి వాగు రాయి మీద తోక ఊపుకుంటూ కూర్చుంది. అదీ వలస పిట్టే! నాకు ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే గాసి మావకు రాయి అడ్డం, ఆయన కాగితం ఖాళీ.

ఇవాళ ఆకుతిప్పుడు వచ్చింది. నేరేడు చెట్టు కింద, ఇద్దరికీ నడుమ. ఎంతసేపు తిరిగిందని! పళ్ళ మధ్య ఆకును కొరికి చంపేశాననుకోండి, కానీ పడనివ్వలేదు. ఇద్దరం రాసుకున్నాం. మడతలు విప్పకుండా తెచ్చి పలక మీద బోర్లా పెట్టాం.

"నాలుగు" అంది పలక.

ఐదు కావాలి. ఒక్కటి తక్కువ.

నాకు అర్థమైపోయింది. తల రంగు, వీపు రంగు, ఆకులు తిప్పడం, చోటు, ఈ నాలుగూ ఎవరైనా రాస్తారు. ఐదోది చిన్న గుర్తు. పొర ఉన్న కంటికి అది ఆనదు. రేపు కూర్చునే ముందు ఒక్క మాట ఆయన చెవిలో వేస్తే చాలు. రెండే రెండు మాటలు. యంత్రానికి ఏం తెలుస్తుంది? చెవులు మనిషి మాటను పట్టించుకోవని నేనే రాశాను కదా పైన.

అంబలి పోస్తూ "మావా, ఆ పిట్టకి" అన్నాను.

గాసి మావ గిన్నె కింద పెట్టేశాడు. "సెప్పకు."

"నాలుగు కలిసినాయి మావా. ఒక్కటే..."

"సెప్పకే గుంటా. నువ్వు సెప్తే నాను రాస్తాను. రాస్తే గట్టు ఉంటాది. రేపు కేంద్రమోల్లు అడిగితే నాను సూసినానని ఏ మొకం పెట్టుకు సెప్తాను?"

నోరు మూసుకున్నాను. నా జన్మలో ఇంత కష్టంగా ఎప్పుడూ మూసుకోలేదు. ఉన్న అడవిని లేదని రాసేవాళ్ళు వాళ్ళు. చూడని మచ్చను చూశామని రాస్తే మేమూ ఆ బాపతే అవుతాం. ఆయన అన్నది నిజం. నిజమే గానీ, కోపం మాత్రం వచ్చింది.

నమోదు 8. గడువుకు నాలుగు రోజులు.

పిట్ట రాలేదు, వచ్చింది, రాలేదు. వచ్చిన రోజున మళ్ళీ నాలుగే.

గాసి మావ దగ్గు ఎక్కువైంది. దగ్గొచ్చినప్పుడల్లా ఆకు పడకుండా గొంగళి నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంటికి వెళ్ళిపొమ్మన్నాను. "ఏ ఇంటికి?" అన్నాడు.

నమోదు 9. గడువుకు ఒక్క రోజు.

గాసి మావకు జ్వరం. ఒళ్ళు పెనంలా కాలుతోంది. లేవబోయి రెండుసార్లు కూలబడ్డాడు. మిరియాల కషాయం ఇచ్చాను, గొంగళి మీద నా దుప్పటి కూడా కప్పాను. నింగివాడ నుంచి మందులబండి మాత్రలు దింపి పోయింది.

నేనొక్కదాన్నే వెళ్ళి నేరేడు చెట్టు కింద కూర్చున్నాను, నోట్లో ఆకు పెట్టుకుని. పిట్ట వచ్చింది. ఎంత చక్కగా వచ్చిందో! నా కాగితం నిండింది. పక్కన ఇరవై అడుగుల దూరంలో ఎవరూ లేరు.

తేజోవతి ఫోను చేసింది. రేపు పొద్దున్నే మొదటి తీగబండిలో పనివాళ్ళతో వచ్చి చెవులు విప్పిస్తుందట, మూగ అడవి కాగితం మీద నా వేలిముద్ర తీసుకుంటుందట. "సారీ అండీ" అంది. నేను "రామ్మా" అన్నాను. అప్పుడే నాకు ఆలోచన వచ్చింది.

నమోదు 10. గడువు రోజు.

తీగబండి దిగేసరికి ఇంకా వెలుగు రాలేదు. తేజోవతిని ఎప్పుడూ గొంతుగానే తెలుసు. చూస్తే నలభై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలు, రెండు స్వెట్టర్లు, చేతిలో సీలు వేసిన సంచి. పనివాళ్ళిద్దరినీ బండి దగ్గరే ఉంచి నా గుడిసె దాకా వచ్చింది. మంచంలో ముడుచుకున్న గాసి మావను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"గడువు ఎప్పటిదాకా మేడమ్?" అన్నాను.

"మధ్యాహ్నం పన్నెండు."

"ఇప్పుడు ఆరు కూడా అవ్వనేదు. నువ్వు నాతో కూకో."

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "నేను లెక్క చూసేదాన్నండీ, సాక్షిని కాను."

"పుస్తకంలో ఏటుంది? కళ్ళున్న మనిషి. నువ్వే సదివినావు నాకు. నీకు కళ్ళు నేవా?"

"అద్దాలున్నాయి."

"అద్దాలు ఎట్టుకునీది సూడ్డానికే గదమ్మా!"

మంచం మీదినుంచి గాసి మావ నవ్వాడో దగ్గాడో తెలియలేదు. తేజోవతి సంచిలోంచి నిబంధనల కాగితం తీసి, మొదటినుంచి చివరిదాకా నిలబడే చదివింది. లెక్కాధికారి కూర్చోకూడదని ఎక్కడైనా ఉందేమోనని వెతికినట్టుంది. లేదు. మడిచి సంచిలో పెట్టింది.

"పదకొండేళ్ళ నుంచి పిట్టల లెక్క చూస్తున్నాను దాలిమ్మగారూ. ఒక్కదాన్ని కూడా దగ్గరగా చూడలేదు" అంది. "ఏ పిట్ట కోసం చూడాలి?"

"అది సెప్పకూడదు" అన్నాను. ఆ మాట అంటుంటే గాసి మావ నన్నే చూస్తున్నాడు.

ఆమెకు ఒక అడ్డాకు, ఒక కాగితం, ఒక పెన్సిలు ఇచ్చాను. పళ్ళ మధ్య ఎలా పట్టాలో నేర్పాను. నేరేడు వేళ్ళ మీద కూర్చోబెట్టి, ఇరవై అడుగులు కొలుచుకుని నేను రాయి పక్కన కూర్చున్నాను. ఎండ మెల్లగా వాగులోకి దిగింది. గడ్డి మీది మంచు కరగడం మొదలైంది. ఏడు. ఎనిమిది. ఎనిమిదిన్నరకు ఆమె కాళ్ళు తిమ్మిరెక్కి కదిలింది. నేను కళ్ళతోనే తిట్టాను, అది సైగ కాదు కదా.

తొమ్మిది దాటాక ఆమె వెనక, చెట్టు మొదట్లో, ఎండుటాకు ఒకటి తిరగబడింది.

ఆకుతిప్పుడు వచ్చింది. తేజోవతికి మూరెడు దూరంలో ఉంది. తేజోవతి ఏం చేస్తోంది? మెడ సాగదీసి కొమ్మల్లోకి చూస్తోంది! పిట్టలంటే పైనే ఉంటాయనుకుంది పిచ్చితల్లి. పిట్ట ఒక ఆకు తిప్పింది, ఇంకో ఆకు తిప్పింది, ఆమె చెప్పు పక్కకు వచ్చింది. ఆమె ఇంకా ఆకాశంలోకే చూస్తోంది. కిందకి చూడవే! కింద! నా గొంతులోకి ఆ మాట వచ్చేసింది. అదే మాట. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. నాలుక చివర దాకా వచ్చి తన్నుకులాడింది. అడ్డాకును ఎంత గట్టిగా కొరికానంటే చిగుళ్ళలోంచి రక్తం ఉప్పగా తగిలింది. చెయ్యి లేస్తుందని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చున్నాను. ఆ కాసేపు ఎంతసేపో నాకు తెలియదు. చచ్చి బతికాను.

పిట్ట ఒక పెద్ద ఆకును ముక్కుతో పట్టి విసిరింది. అది తడితడిగా వెళ్ళి తేజోవతి పాదం మీద పడింది.

ఆమె తల వంచింది.

ఆమె కళ్ళు అద్దాల వెనక ఎంత పెద్దవయ్యాయో నేను ఇరవై అడుగుల నుంచి చూశాను. ఆకు పడిపోతుందేమోనని చేత్తో పెదాలు రెండూ కలిపి పట్టుకుంది. పిట్ట ఆమెను లెక్క చేయలేదు. తన పని తాను చేసుకుంటూ, ఒక పురుగును పట్టి, ఇటు తిరిగి, అటు తిరిగి, మళ్ళీ పొదలోకి పోయింది. తేజోవతి రాయడం మొదలుపెట్టింది. కాగితం అటు తిప్పి ఇటు తిప్పి రాసింది.

రెండు కాగితాలూ పలక మీద బోర్లా పెట్టాం. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఆరు" అంది పలక.

తేజోవతి నోట్లోంచి ఆకు తీసి, పంటి గాట్లు చూసి, సంచిలో దాచుకుంది. "ఏం పిట్టండీ అది?" అంది. పేరు చెప్పాను. ఆమె సంచిలో తెచ్చిన కాగితం మీద మూగ అనే మాట కొట్టేసి, పైన సంతకం పెట్టింది. పనివాళ్ళను చెవులు ముట్టుకోవద్దని చెప్పడానికి తీగబండి వైపు వెళ్ళింది. ఇంకో మూడు చలికాలాల దాకా మా గట్టు జోలికి ఎవరూ రాకూడదు.

నేను గుడిసెలోకి పరుగెత్తాను. యాభై ఎనిమిదేళ్ళ దాన్ని, పరుగే.

"మావా, ఆరు కలిసినాయి! ఆరు!"

గాసి మావ కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆ తరువాత నా వైపు తిరిగి అన్నాడు: "ఇప్పుడు సెప్పొచ్చు గదే. నాకు తప్పిపోయింది ఏటి?"

"రెక్క మీద తెల్లమచ్చ మావా."

"అదా." పైకప్పు వైపు చూశాడు. "కనబడనేదు. అప్పుడూ కనబడనేదు."

ఎప్పుడని అడిగే లోపు మొలలోంచి చిన్న బట్టమూట తీశాడు. అందులో నాలుగు మడతల కాగితం, అంచులు అరిగిపోయి, చెమట మరకలతో. నా చేతిలో పెట్టాడు. విప్పాను. పైన తేదీ ఉంది, ఆరో గట్టు అని ఉంది. కింద ఏమీ లేదు. ఒక్క అక్షరం లేదు.

"ఆ రోజు నాను పిట్టని సూడనేదు దాలీ. పొద్దున్నించీ కళ్ళు మసకలు. నువ్వు అరిసినాకే ఏదో ఎగిరినట్టు అనిపించింది. నువ్వు అరవకపోయినా ఆ గట్టు పోయీదే." ఆ కాగితం వైపు వేలు చూపించాడు. "నా కంటిని తిట్టుకోనేక నీ నోటిని తిట్టినాను."

ఇరవై రెండేళ్ళు! ఈ నోటిని నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నాను, ఎన్ని పొద్దులు అన్నం ముట్టకుండా ఉన్నాను. కాగితం ఆయన ముఖాన విసిరికొట్టాలనిపించింది. ఆయన అలా పడి ఉంటే ఎలా విసరను? దుప్పటి మెడ దాకా లాగి కప్పాను. "ముసిలోడా, జొరం తగ్గనీ, నీ పని సెప్తాను" అన్నాను. ఏడుస్తూనే అన్నాను. ఆయనా ఏడుస్తున్నాడు.

బయటికి వచ్చాను. నోట్లో ఆకు లేదు. ఎదురుగా నింగివాడ, దాని నెత్తిన బూరలు. ఊపిరి నిండా పీల్చుకుని అరిచాను.

"అదిగోఓఓ!"

వెంటనే బూర డేగలా అరిచింది. అరుచుకో! నేను ఇంకా గట్టిగా అరిచాను. అది మళ్ళీ అరిచింది. నేను మళ్ళీ. అది మళ్ళీ. నేను మళ్ళీ. డేగకు భయపడటానికి నేనేమైనా పిట్టనా?

తేజోవతి పలక పట్టుకుని తీగబండి దగ్గరనుంచి గాభరాగా వచ్చింది. "దాలిమ్మగారూ! పద్నాలుగో చెవి మీద సున్నా పోయింది. మూడేళ్ళలో మొదటిసారి! గుర్తు తెలియని పక్షి, నాలుగు కూతలు అని వస్తోంది."

"అది పిట్ట కాదు, నాను. సాగదీసి అరిస్తే మీ సెవికి మనిసి మాటని తెలనేదు. కొట్టేయ్ అమ్మా. దొంగ లెక్క మాకొద్దు."

ఆమె నా వైపు ఒకసారి చూసి, నవ్వు ఆపుకుంటూ పలక మీద ఆ నాలుగూ కొట్టేసింది. నేను ఐదోది అరిచాను.